గ్రామఫోను బూరలో పట్టినంత రష్యా

1900 ప్రాంతంలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనో మాస్కోలోనో రికార్డు చేసిన గ్రామఫోను ప్లేటు చూడటానికి చిన్నదే, అడ్డంగా కొలిస్తే ఏడంగుళాలు. మధ్యలో అంటించిన కాగితం చీటీ ఉండదు. పాట పేరు, పాడినవారి పేరు, సంఖ్య అన్నీ ఆ నల్లటి పలక మీదే గీసి ఉంటాయి. పాట ఒక్క వైపే. తిరగేసి చూస్తే చాలా ప్లేట్ల వెనక, ఈక కలంతో గుండ్రటి పలక మీద ఏదో రాస్తున్న రెక్కల పిల్లవాడి బొమ్మ కనిపిస్తుంది. అది లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీ ముద్ర. బూర ముందు చెవి ఒగ్గి కూర్చున్న కుక్క బొమ్మ మన ఇళ్లలో ఎంత పరిచితమో, రష్యన్ ఇళ్లలో ఈ ‘రాసే అమూర్’ అంత పరిచితం.

ప్లేటు మీది సంఖ్య ఊరికే వేసింది కాదు. కంపెనీ తన జాబితాను భాషల వారీగా విడగొట్టి రష్యాకు 20,000ల వరుసను కేటాయించింది. అందులో 21,000ల వరుస మాటలకు, 22,000లు మగగొంతుకు, 23,000లు ఆడగొంతుకు, 24,000లు యుగళాలకూ బృందగానాలకూ. ఈ లెక్కలో సామ్రాజ్య నాటకశాలలో ఒపేరా పాడే గాయకుడూ, వేసవి విహార తోటలో అకార్డియన్ వాయిస్తూ చిలిపి పదాలు పాడేవాడూ ఒకే వరుసలో పడతారు, ఎందుకంటే ఇద్దరివీ మగగొంతులే. ‘జానపదం’ అనే గడి ఈ సంఖ్యల్లో లేదు. పాటను జానపదమని పిలిచింది ప్లేటు మీది రాత, దుకాణంలోని పట్టిక, కొన్నవాడి ఊహ మాత్రమే.

ఆ మూడూ కలిసి పిలిచిన పేరును ఎంతవరకు నమ్మవచ్చునన్నదే ఇక్కడి ప్రశ్న. 1899 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా రష్యన్ జానపద గీతాలుగా అమ్ముడైన ప్లేట్లలో పల్లె పాలు చాలా తక్కువ, పట్టణపు వేదిక పాలు చాలా ఎక్కువ. దీనికి భిన్నంగా, చవకబారు వినోదమని పండితులు పక్కన పెట్టిన హాస్య దృశ్యాలూ, అకార్డియన్ చిందులూ ఆ కాలపు వీధి మాటకు అనుకున్నదానికన్నా ఎంతో దగ్గరగా ఉన్నాయి. ఈ తలకిందుల పరిస్థితికి కారణం కొంత యంత్రంలో ఉంది, కొంత బజారులో ఉంది.

ముందు యంత్రం సంగతి. ఎమిల్ బెర్లినర్ కనిపెట్టిన పద్ధతిలో తొలినాళ్లలో శబ్దాన్ని కొవ్వు పూసిన జింకు పలక మీద గీసి, ఆ గీతను ఆమ్లంతో తినిపించి గాడిగా మార్చేవారు. ఆమ్లం తిన్న గాడి గరుకుగా ఉండేది కనుక ప్లేటు మీద పాటతో పాటు బరబర కూడా అచ్చయ్యేది. 1900 తర్వాత మైనం పలక వచ్చి శబ్దం కొంత నునుపైంది. లండన్ నుంచి ఫ్రెడ్ గైస్‌బర్గ్, సింక్లర్ డార్బీ వంటి ఇంజనీర్లు ఈ సామానంతా పెట్టెల్లో సర్దుకుని రష్యాకు వెళ్లి, హోటల్ గదుల్లో బూర బిగించి, దొరికిన గొంతునల్లా పట్టి, మూలపలకలను జర్మనీలోని హనోవర్ కర్మాగారానికి పంపేవారు. తరువాత 1902 నాటికి కంపెనీ రష్యా సామ్రాజ్యంలోనే, రీగా నగరంలో సొంత కర్మాగారం పెట్టుకుంది. అక్కడ వేడి చేసి అచ్చు వేసే ముద్దలో రాతిపొడి, నల్లరంగు, నారపీచులతో పాటు అన్నిటినీ పట్టి ఉంచే పదార్థం లక్క. ఆ కాలంలో ప్రపంచానికి లక్క ప్రధానంగా ఎగుమతి అయింది హిందూదేశపు అడవుల నుంచే. వోల్గా ఒడ్డున మోగిన రష్యన్ పాటకు ఒళ్లు ఇక్కడి చెట్ల కొమ్మల మీద పురుగులు కట్టిన లక్కతో తయారైందన్నమాట.

బూర ఏ శబ్దాన్ని పడితే ఆ శబ్దాన్ని మింగదు. విద్యుత్తు, మైకు లేని ఆ పద్ధతిలో గాలి కదలికే సన్నని రేకును కదిలించాలి, ఆ రేకే సూదిని కదిలించాలి. ఆ బలంతో గాడిలోకి దిగేవి సుమారు 200 నుంచి 2,000 హెర్ట్జ్‌ల మధ్య ఉన్న శబ్దాలే. రష్యన్ బృందగానానికి ప్రాణం పోసే అతిమంద్ర పురుష స్వరాల మూలధ్వని ఈ హద్దుకు ఎంతో కింద ఉంటుంది. అది ప్లేటు మీదకు ఎక్కదు. దానితో పాటు పైన మోగే సన్నటి స్వరాలు (ఓవర్‌టోన్లు) మాత్రం ఎక్కితే వినేవాడి చెవి మిగిలినది పూరించుకుంటుంది. పై హద్దు దగ్గర మరో నష్టం. రష్యన్ భాష నిండా స, ష, చ, శ్చ వంటి ఊపిరి శబ్దాలు. వాటి శక్తి అంతా 2,000 హెర్ట్జ్‌లకు పైనే ఉంటుంది. అందుకే ఆనాటి ప్లేట్లలో పాట సాహిత్యం సగం దోసిలిలోంచి జారిపోయినట్టు ఉంటుంది. దీనికి భిన్నంగా అకార్డియన్, మూడు తీగల రష్యన్ వాద్యం బాలలైకా మీటు, బిగువైన మధ్యస్థాయి మగగొంతు బూరకు ఇష్టమైన ఆహారం. రష్యన్ సంగీతం నుంచి ఏది ప్లేటు మీదికి ముందుగా చేరిందో చూస్తే, బూర అభిరుచికీ ఆ జాబితాకూ పొత్తు కుదురుతుంది.

రెండో కత్తెర కాలానిది. ఏడంగుళాల ప్లేటు మీద రెండు నిమిషాలు. 1901లో వచ్చిన పదంగుళాల ప్లేటు మీద మూడు నిమిషాలు, కాస్త పైన. రష్యన్ పల్లెల్లో అతి గౌరవంగా చూసే పాట ‘ప్రొత్యాజ్‌నయా’, అంటే సాగదీసి పాడే పాట. ఒక్క అక్షరాన్ని ఊపిరి ఉన్నంతవరకు లాగి, మధ్యలో మాట విరిచి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుని, ఒక చరణానికే నిమిషానికి పైగా తీసుకోవడం దాని స్వభావం. అలాంటి పాటను మూడు నిమిషాల్లో పాడమంటే రెండు చరణాలు పాడి ఆపాలి, లేదా పరుగెత్తించాలి. రెండూ పాటను చంపేవే. చిందు పాటకు ఈ బాధ లేదు. నాలుగు పాదాల ‘చస్తూష్క’కు అసలే లేదు, ఒక్కొక్కటి పదిహేను సెకన్లు పట్టే ఆ పదాలను మూడు నిమిషాల్లో పది దాకా దూర్చవచ్చు, మధ్య మధ్య అకార్డియన్ విరుపులతో సహా. కాబట్టి కంపెనీ ఎవరినీ అడ్డుకోకపోయినా, ప్లేటు కొలతే సాగే పాటను గుమ్మం బయట నిలబెట్టి చిందు పాటను లోపలికి పిలిచింది.

ఇదే కాలంలో ఇంకో యంత్రం ఇంకో పని చేస్తోంది. మైనపు సిలిండరు మీద పనిచేసే ఎడిసన్ ఫోనోగ్రాఫును మాస్కో వ్యాపారి జూలియస్ బ్లాక్ 1889లోనే రష్యాకు తెచ్చాడు. 1890లో చైకోవ్‌స్కీ, అంతోన్ రూబిన్‌స్తైన్ వంటివారు ఆ యంత్రం ముందు చేరి సరదాగా మాట్లాడిన మాటలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. 1890ల మధ్యలో ఉత్తర రష్యా నుంచి ఇవాన్ ర్యాబినిన్ అనే వీరగాథా గాయకుడు మాస్కోకు వచ్చినప్పుడు అతని గానాన్ని కూడా ఫోనోగ్రాఫు మీద పట్టారు. స్వరకర్త అరెన్‌స్కీ ఆ బాణీలను స్వరపరచి రాసుకుని, 1899లో వాటి ఆధారంగా పియానో, వాద్యబృందాల కోసం ఒక కృతి కట్టాడు. తండ్రి నోటి నుంచి నేర్చుకుని గాథలు పాడే పల్లెటూరి గాయకుడి స్వరం అలా నాలుగైదేళ్లలో కచేరీ వేదిక ఎక్కింది. బజారులో అమ్మే ప్లేట్ల మీదికి మాత్రం అలాంటి గాయకులు రాలేదు.

సిలిండరు యంత్రానికి ఉన్న సౌలభ్యం ఏమిటంటే, దాన్ని బండిలో వేసుకుని పల్లెకు వెళ్లవచ్చు, పాడించినదాన్ని అక్కడికక్కడే తిరిగి వినిపించవచ్చు. యెవ్‌గేనియా లినియోవా 1897 నుంచి ఇదే చేసింది. రష్యన్ రైతులు గుంపుగా పాడేటప్పుడు అందరూ ఒకే బాణీని అంటిపెట్టుకోరు. ఒకరు ఎత్తుకున్న పాట చుట్టూ మిగిలినవారు తమ తమ దారిలో అల్లుకుపోతూ, చరణం చివరకు వచ్చేసరికి ఒకే స్వరం మీద కలుస్తారు. ఈ పక్కదారి గొంతుల్ని ‘పొద్‌గొలోస్కి’ అంటారు. మన వంత పాటలో వంతవాళ్లు ముఖ్య కథకుడి మాటనే అందుకుంటారు. ఇక్కడ వంతవాళ్లు తమదైన బాణీ కడతారు. కాగితం, కలంతో కూర్చున్న సేకర్తకు ఇంతమంది కలిసి పాడుతుంటే రాసుకోవడం అసాధ్యం కనుక 19వ శతాబ్దంలో చాలా సంపుటాలు ఒకే బాణీని రాసి, దానికి పియానో తోడు కల్పించి అచ్చేశాయి. మెల్గునోవ్, పల్చికోవ్ వంటి ఒకరిద్దరు పాడేవారి గొంతులను వేర్వేరుగా రాయడానికి ప్రయత్నించారు గాని, అవి కలిసి పలికినప్పుడు ఎలా ఉంటాయన్నది ఊహగానే మిగిలింది. లినియోవా సిలిండర్లు ఆ ఊహను తీర్చాయి. 1904, 1909లలో ఆమె వెలువరించిన సంపుటాల్లో రైతుల బహుస్వర గానం విన్నది విన్నట్టు కాగితం మీదికి వచ్చింది.

ఒకే దశాబ్దంలో, ఒకే దేశంలో, ‘రష్యన్ జానపద గీతం’ అన్న ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు తయారయ్యాయి. ఒకటి సిలిండరు మీద, ఎవరూ కొనడానికి వీల్లేనిది. రెండోది ప్లేటు మీద, దుకాణంలో దొరికేది. దుకాణంలో దొరికినదే దేశానికి జానపదంగా అలవాటైంది.

అయితే తప్పంతా బూర నెత్తిన వేసి చేతులు దులుపుకోవడం కుదరదు. అదే గ్రామఫోన్ కంపెనీ 1907లో జార్జియాలో, గురియా ప్రాంతపు పేరుమోసిన పాటగాడు గీగో ఎర్కోమాయిష్‌విలీ బృందం చేత పాడించి ప్లేట్లు విడుదల చేసింది. మూడు గొంతులు మూడు దారుల్లో పరుగెత్తే ఆ గానం ఈనాటికీ జార్జియన్ గాయకులు విని నేర్చుకునే పాఠం. అంటే నిజమైన పల్లె బహుస్వర గానాన్ని ప్లేటు మీద పట్టడం ఆ యంత్రానికి చేతకాని పని కాదు. పాడేవారు ముగ్గురు నలుగురే అయితే బూర ముందు చక్కగా సరిపోతారు కూడా. రష్యన్ రైతుల పాట విషయంలో ఆ పని జరగలేదంటే, కొనేవారు అడగలేదు, కంపెనీ వెతకలేదు. బజారు పాత్ర ఇక్కడ మొదలవుతుంది.

కొనేవారెవరో తెలుసుకోవడానికి ఒక చిన్న ఘట్టం చాలు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నెవ్‌స్కీ వీధి దుకాణదారు రాపోపోర్ట్, సామ్రాజ్య ఒపేరా గాయకుల ప్లేట్లకు ఎర్ర చీటీ అంటించి ఒక్కొక్కటి ఐదు రూబుళ్లకు అమ్మితే ధనవంతులు కొంటారని కంపెనీకి సలహా ఇచ్చాడని గైస్‌బర్గ్ చెబుతాడు. కొన్నారు. షల్యాపిన్, ఫిగ్నర్ దంపతుల గొంతులతో మొదలైన ఆ ఎర్ర చీటీ తర్వాత పశ్చిమ ఐరోపాకూ అమెరికాకూ వెళ్లి, కళాకారుడి హోదాకు గుర్తుగా ప్రపంచమంతటా నిలిచింది. పై మెట్టు మీద ఎర్ర చీటీ, కింది మెట్ల మీద నల్ల చీటీ. జానపద గీతం రెండు మెట్ల మీదా కనిపిస్తుంది: షల్యాపిన్ పాడితే పై మెట్టు, రెస్టారెంటు బృందం పాడితే కింది మెట్టు. రైతు మాత్రం ఏ మెట్టు మీదా లేడు. అతను పాడటానికీ రాలేదు, తొలి పదేళ్లలో కొనడానికీ పెద్దగా రాలేదు.

రైతుకు బదులు వేషం వచ్చింది. ద్మీత్రి అగ్రేనెవ్-స్లవ్యాన్‌స్కీ తన గాయకులకు పాతకాలపు బొయార్ ప్రభువుల జరీ దుస్తులు తొడిగి, ‘స్లావ్ గానం’ పేరిట దేశదేశాలూ తిరిగాడు. అతను జానపద గీతాన్ని ఖూనీ చేస్తున్నాడని చైకోవ్‌స్కీ పత్రికా సమీక్షల్లో మండిపడ్డాడు కూడా. గ్రామఫోను వచ్చేనాటికి ‘రష్యన్ బృందం’ అంటే జనం మనసులో మెదిలే బొమ్మ ఈ జరీ దుస్తుల బృందానిదే. ప్లేటు మీద దుస్తులు కనపడవు గాని, ఆ బృందాల నున్నటి నాలుగు గొంతుల అమరిక, చర్చి గానంలో ఆరితేరిన ఉచ్చారణ, చరణాంతంలో ఒక్కసారిగా గొంతు తగ్గించే అలవాటు స్పష్టంగా వినిపిస్తాయి.

నదేజ్దా ప్లెవిత్స్కయా కథ ఇంత సులువుగా తేలదు. ఆమె నిజంగానే కూర్స్క్ ప్రాంతపు రైతు కుటుంబం బిడ్డ. కొంతకాలం సన్యాసినుల మఠంలో ఉండి, అక్కడి నుంచి తప్పుకుని, తిరుగుడు బృందాల్లో, ఆపై మాస్కోలోని ‘యార్’ రెస్టారెంటులో పాడింది. 1909లో నీజ్నీ నోవ్‌గోరొద్ తిరునాళ్లలో ఆమె పాట విన్న ఒపేరా గాయకుడు సోబినోవ్ ఆమెను పెద్ద కచేరీ వేదిక మీదికి పిలిచాడు. కొద్దికాలానికే జారు చక్రవర్తి ముందు పాడింది. ప్లేట్లు విపరీతంగా అమ్ముడయ్యాయి. ఆ ప్లేట్లు వింటే రెండు రష్యాలు ఒకేసారి వినిపిస్తాయి. గొంతు పల్లెది: ఛాతీ నుంచి నేరుగా తెరిచి పాడటం, అచ్చును చదునుగా పలకడం, మాటల మధ్య చిన్న ఎక్కిళ్లలాంటి విరుపు. చుట్టూ ఉన్నది మాత్రం మధ్యతరగతి ఇంటి పియానో. పాట కూడా తరచు అచ్చు పుస్తకంలోంచి వచ్చిందే. ఆమెకు పేరు తెచ్చిన వర్తకుడి పాట ఇవాన్ నికీతిన్ కవిత, మాస్కో మంటల పాట 1850 నాటి ఒక కవిత నుంచి పుట్టింది. విప్లవం తర్వాత ప్రవాసంలో సోవియట్ గూఢచారిగా పనిచేసి, 1937లో పారిస్‌లో ప్రవాస శ్వేత సైనికుల నాయకుడు జనరల్ మిల్లర్ అపహరణ కేసులో ఇరవై ఏళ్ల శిక్ష పడి, 1940లో ఫ్రాన్స్‌లోని రెన్ జైలులో ఆమె మరణించడం వేరే కథ. కానీ ఆ కథ వల్లనే సోవియట్ కాలంలోనూ ప్రవాసుల్లోనూ ఆమె ప్లేట్ల గురించి నిదానంగా మాట్లాడటం చాలాకాలం కష్టమైంది.

కవిత జానపదం కావడం ఇక్కడ దోషం కాదు. 1861లో నెక్రాసోవ్ రాసిన సంచి వ్యాపారుల కావ్యం నుంచి జనం ఒక ముక్క తీసుకుని బాణీ కట్టుకుని, కవి పేరు మరిచిపోయి, పెళ్లిళ్లలో పాడుకున్నారు. ప్లేట్లు దాన్ని ఇంకా దూరం మోసుకెళ్లాయి. (ఆ బాణీని రష్యన్ రానివారు కూడా గుర్తుపడతారు, 1989 నాటి చేతి వీడియో ఆటలో పైనుంచి ఇటుకలు రాలుతుంటే వెనక మోగేది అదే.) ‘అసలైన’ పాటనూ ‘కట్టిన’ పాటనూ వేరుచేసే గీత ఆనాటి రష్యన్ శ్రోతకు లేదు. ఆ గీత గీసింది సేకర్తలు. 1908లో స్వీడిష్ సంతతి స్వరకర్త గార్తెవెల్డ్ సైబీరియాకు వెళ్లి ఖైదీల పాటలు సేకరించి తెచ్చి కచేరీలు పెడితే, అధికారులు కచేరీలను అడ్డుకున్నారు, ప్లేట్ల కంపెనీలు మాత్రం ‘కఠిన శిక్షా గీతాల’ ప్లేట్లు వేసి సొమ్ము చేసుకున్నాయి. సంకెళ్లు గణగణలాడించే పాటను గద్దె కుర్చీలో కూర్చుని వినే సరదా అది. ‘సైబీరియా దిమ్మరులు’ అనే పేరు పెట్టుకున్న బృందం ఒకటి ఆ వేషంలోనే వేదికలెక్కింది.

ఇక హాస్య దృశ్యాల వైపు వస్తే, వీటి వంశం ప్లేటు కన్నా చాలా పాతది. 1895లో చనిపోయిన నటుడు ఇవాన్ గొర్బునోవ్, ‘జనజీవన దృశ్యాలు’ పేరుతో ఒక్కడే నిలబడి వర్తకుడు, పోలీసు అధికారి, తాగుబోతు, బండివాడు, ముసలి జనరల్ అందరి గొంతులతోనూ మాట్లాడే ప్రక్రియను వేదిక మీద స్థిరపరిచాడు. అతని వెనక ఇంకా పాత వరస ఉంది: మాస్లెనిత్స పండుగ తిరునాళ్లలో డేరా ముందు మెట్ల మీద నిలబడి, జనుపనార గడ్డం తగిలించుకుని, వచ్చేపోయేవాళ్లను ప్రాసల్లో ఎగతాళి చేసే ‘బలగాన్ తాత’, చూపుడు పెట్టెలో బొమ్మలు తిప్పుతూ వ్యాఖ్యానం చెప్పే ‘రయోక్’వాడు. రాజధానిలో ఆ డేరాలను నగరం నడిబొడ్డు నుంచి శివార్లకు తరిమింది 1890 దశకం చివర, అంటే గ్రామఫోను ఊళ్లో దిగడానికి రెండు మూడేళ్ల ముందు. తిరునాళ్ల మాటకారితనానికి ఒక చోట తలుపు మూసుకుపోతున్న సమయానికి ప్లేటు మీద మరో తలుపు తెరుచుకుంది.

ఈ దృశ్యాల పనితనం దగ్గర నుంచి చూడదగినది. ఉన్నది మూడు నిమిషాలు, ఒకే మనిషి, ముందు ఒక బూర. పోలీసు ఠాణాలో తాగుబోతు విచారణ అనుకుంటే, అధికారి మాటను బూరకు దగ్గరగా, పొడిగా, తెగగొట్టినట్టు పలుకుతాడు. తాగుబోతు మాటను అరడుగు వెనక్కి జరిగి, అచ్చులు సాగదీసి, వాక్యం మధ్యలో దారి తప్పిపోయినట్టు పలుకుతాడు. ఎదురుగా ప్రేక్షకులు లేరు. నవ్వు కోసం ఆగడానికి వీల్లేదు, ఆగితే గాడి వృథా. కాబట్టి వేదిక మీద నవ్వు వచ్చే చోట ప్లేటు మీద మరో మాట వస్తుంది, హాస్యం ఊపిరాడనంత ఇరుకవుతుంది. స, ష శబ్దాలు యంత్రంలో పడిపోతాయని అనుభవం మీద తెలుసుకున్నవారు ర, డ, అచ్చుల మీద బరువు వేయడం నేర్చుకున్నారు. కథకు ముగింపు లేకపోయినా ఫరవాలేదు. తాగుబోతు ఒక పాట ఎత్తుకుంటాడు, ప్లేటు అయిపోతుంది.

ఇవాన్ రదూన్‌స్కీ, మెచ్చిస్లావ్ స్తనేవ్‌స్కీ ‘బిమ్-బోమ్’ పేరుతో సర్కసు గోదాలో వెలిగిన జంట. వాయిద్యాలు కాని వస్తువుల నుంచి సంగీతం పుట్టించి, మధ్యలో నాటి రాజకీయాల మీద మాట విసరడం వారి తీరు. వారి ప్లేట్లలో చేష్ట అంతా పోయి మాటొక్కటే మిగిలింది, అందుకే చూసినవాడికే అవి పూర్తిగా అర్థమయ్యేవి. స్తనిస్లావ్ సర్మాతోవ్ గోర్కీ నాటకాల నుంచి దిగివచ్చినట్టు చింకి గుడ్డలతో వేదిక ఎక్కి, ధనవంతులను ఎకసెక్కాలాడే చరణాలు పాడేవాడు. చింకి గుడ్డలు కనపడకపోయినా ఆ పొగరు గొంతులో వినిపిస్తుంది. అకార్డియన్‌వాడు ప్యోత్ర్ నెవ్‌స్కీ వీరందరికన్నా ఎక్కువ విలువైన సాక్షి. 1889లో రచయిత గ్లేబ్ ఉస్పెన్‌స్కీ పత్రికలో రాసి ‘చస్తూష్క’ అన్న మాటకు ప్రచారం తెచ్చేనాటికే ఫ్యాక్టరీ వాడల్లోనూ పల్లెల్లోనూ చస్తూష్కలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. సేకర్తల్లో చాలామందికి అవి పాత పాటను తినేసిన చీడ. వాటికీ, వాటిని మోసిన అకార్డియన్‌కూ పండితుల లోకంలో గౌరవం లేదు. నెవ్‌స్కీ ప్లేట్లలో మాత్రం అవే వినిపిస్తాయి, దాదాపు మాటల వేగంతో, నవ్వుకూ పాటకూ మధ్య ఉన్న ఆ గొంతుతో. పల్లె యువకులు వారంవారం కొత్తగా కట్టుకుంటున్న పాట ఏదో తెలుసుకోవాలంటే బొయార్ దుస్తుల బృందం కన్నా ఈ తోట వినోదగాడే నయం.

ఇంతమాత్రాన హాస్య ప్లేట్లన్నీ నిజాయితీ గల దస్తావేజులని అనుకోవడం పొరపాటు. వాటిలో పెద్ద భాగం యూదుడు, ఆర్మేనియన్, జర్మన్, పల్లెటూరివాడు రష్యన్‌ను వంకరగా పలికితే నవ్వించే యాస హాస్యం. 1903లో కిషినియోవ్‌లో యూదుల మీద మారణకాండ జరిగిన దేశంలో ఆ ప్లేట్లు ఎవరి డబ్బాలో మోగాయో, ఎవరు నవ్వారో ఆలోచిస్తే వాటిని సరదాగా వినడం సాధ్యం కాదు. అయినా యాసను వెక్కిరించేవాడికి కూడా యాస తెలిసి ఉండాలి. తప్పుగా వెక్కిరిస్తే పక్కింటివాడు నవ్వడు. జానపద గీతం పాడిన పట్టణ బృందాన్ని పట్టుకుని ‘మా ఊళ్లో ఇలా పాడరు’ అని నిలదీసే రైతు ఆ దుకాణంలో లేడు. పోలీసు ఠాణా దృశ్యం విన్న ప్రతి కొనుగోలుదారుకూ మాత్రం ఠాణాలో ఎలా మాట్లాడతారో తెలుసు.

1910 నాటికి ఇది చిన్న వ్యాపారం కాదు. పతే, కీవ్‌లోని ఎక్స్‌ట్రాఫోన్, వార్సాలోని సిరేనా కంపెనీలు పోటీ పడుతున్నాయి. మాస్కో దగ్గర అప్రేలెవ్కాలో జర్మన్ పారిశ్రామికవేత్త మోల్ 1910లో కర్మాగారం తెరిచాడు, తర్వాత సోవియట్ దేశమంతటికీ ప్లేట్లు పోసింది అదే. బొగెమ్‌స్కీ సంపాదకత్వంలో వ్యాపారానికి సొంత పత్రిక కూడా వచ్చింది. పోటీతో పాటు దొంగతనమూ పెరిగింది. ఒకరి ప్లేటు నుంచి అచ్చు తీసి మరో పేరుతో అమ్మడం సాధారణమైంది. 1911 మార్చి నాటి రచయితల హక్కుల చట్టం యంత్రం ద్వారా సంగీతాన్ని తిరిగి వినిపించడాన్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది. ‘జానపదం’ అన్న ముద్రకు అప్పుడు ఇంకో లాభం ఏర్పడింది, ఎందుకంటే కర్త లేని పాటకు ఎవరికీ డబ్బు కట్టనక్కరలేదు.

తెలుగు పాటకు ఈ చరిత్రతో ఉన్న సంబంధం లక్కతో ఆగలేదు. రష్యాలో బూర బిగించిన గైస్‌బర్గ్ 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గొంతు పట్టాడు. డార్బీ 1904-05లో హిందూదేశానికి వచ్చాడు. మద్రాసులో ఆ తొలి సంవత్సరాల్లో ప్లేటు మీదికెక్కిన కచేరీ పాటల్లో త్యాగరాజు తెలుగు కృతులున్నాయి. అక్కడా కొలత అదే మూడు నిమిషాలు, కత్తిరించింది ఆలాపననీ నెరవునీ. తర్వాతి దశాబ్దాల్లో నాలుగైదు ప్లేట్ల సెట్లుగా వచ్చిన మన పద్యనాటకాల్లో రాగం పదునెక్కి, సంభాషణ పరుగెత్తడం గుర్తున్నవారికి రష్యన్ హాస్య దృశ్యపు ఇరుకు కొత్తగా అనిపించదు.

ఈ ప్లేట్లను ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కించేవారికి ఎదురయ్యే మొదటి చిక్కు వేగం. నిమిషానికి 78 చుట్లు అన్న అంకె తర్వాత స్థిరపడింది. ఆనాడు ఇంజనీరు తన ఇష్టం వచ్చిన వేగంతో, 70కీ 80కీ మధ్య ఎక్కడో, కొన్నిసార్లు అంతకన్నా తక్కువకో ఎక్కువకో, పలకను తిప్పేవాడు. వేగం ఎక్కువగా పెట్టి వింటే మంద్ర గాయకుడు మధ్యస్థాయి వాడవుతాడు, ముసలివాడు కుర్రవాడవుతాడు. పాట అయితే పియానో ఏ శ్రుతిలో ఉండేదో, అచ్చు పుస్తకంలో ఏ శ్రుతి ఇచ్చారో చూసి సరిచేసుకోవచ్చు. మాటల ప్లేటుకు అలాంటి కొలబద్ద లేదు. ఠాణా దృశ్యంలోని అధికారి నిజంగా ఎంత తొందరగా అరిచాడో వినేవాడి చెవి తీర్పు చెప్పాల్సిందే. అయితే కొన్ని దృశ్యాల్లో కథకుడు మధ్యలో అకార్డియన్ అందుకుంటాడు. అకార్డియన్ రేకుల శ్రుతి కర్మాగారంలో బిగించినది, వాయించేవాడు మార్చలేడు. ఆ వాయిద్యపు ఒక్క స్వరాన్ని సరైన శ్రుతికి తెచ్చి పెట్టగానే, దానికి ముందూ వెనకా ఉన్న మాట కూడా తన వయసుకు, తన వేగానికి వచ్చి నిలుస్తుంది.